గోతాం నిండా కాగితం పీలికలు

సంక్రాంతి సెలవులకు మా అమ్మాయి పిల్లలు దిగిన మర్నాడే వేట మొదలైంది. భోగి మంటలోకి ఏమేం పనికొస్తాయా అని పెరడంతా గాలించారు. విరిగిన కుర్చీ కాళ్లు, ఎండిన కొబ్బరి మట్టలు, అరిగిన చీపురు కట్టలు వాకిట్లో కుప్ప పడ్డాయి. చివరికి మనవడు మేడగదిలోంచి ఒక గోతాం ఈడ్చుకొచ్చాడు. దాని నిండా కాగితం పీలికలే. మా అబ్బాయి ఇంట్లోనే కూర్చుని నలుగురి లెక్కలూ రాస్తాడు. బ్యాంకు స్టేట్‌మెంట్లు, పాన్ కార్డు జిరాక్సులు, పాత చెక్కులు ఇంటినిండా పేరుకుపోతుంటే కాగితాలు చీల్చే మిషన్ ఒకటి కొని పెట్టుకున్నాడు. ఏడాది పొడుగునా అది నమిలి పడేసిందంతా ఆ గోతాంలో ఉంది.

"తాతయ్యా, ఇది వేస్తే మంట ఎంత ఎత్తు లేస్తుందో చూడు!" అన్నాడు వాడు.

"లేస్తుందిరా నాన్నా. అందుకే వద్దంటున్నాను. అందరూ ఇలా అరుగు మీద కూర్చోండి."

లావుపాటి పుస్తకాన్ని మంటలో పడేస్తే ఏమవుతుంది? అంచులు నల్లబడతాయి, పైనున్న నాలుగు పేజీలు కాలతాయి, లోపలి పేజీలు చాలాసేపు తెల్లగానే ఉంటాయి. అక్కడికి గాలి వెళ్లదు కనుక. అదే కాగితాన్ని పీలికలు చేస్తే ఒక్కో పీలిక చుట్టూ గాలే. నిప్పు తగలగానే ఒక్కసారి భగ్గుమంటుంది. వేడిగాలి పైకి లేస్తూ, కాలుతున్న ముక్కల్ని కూడా ఎత్తుకుపోతుంది. పక్కవాళ్ల గడ్డివాము ఎంత దూరంలో ఉంది? ముగ్గు వేస్తున్న మీ అత్త చీర చెంగు ఎంత దూరంలో ఉంది? ఇంకో మాట కూడా వినండి. జిరాక్సు కాగితం మీది నలుపు సిరా కాదు. మసి కలిపిన ప్లాస్టిక్ పొడి. వేడి రోలరు కింద కరిగి కాగితానికి అతుక్కుంటుంది. అందుకే మిషన్లోంచి అప్పుడే వచ్చిన కాపీ చేతికి వెచ్చగా తగులుతుంది. ఆ పొగ పిల్లలు పీల్చే పొగ కాదు.

"అయితే పాతపేపర్ల అతనికి వేసేద్దాం" అంది మనవరాలు.

మంచి మాటే. కానీ అతను తీసుకోడు. తీసుకున్నా కట్టలుగా ఉన్న పేపర్ల ధర ఇవ్వడు. తన దగ్గర కొనేవాళ్లకి ఏం కావాలో అతనికి బాగా తెలుసు. ఎందుకో చెప్పాలంటే ముందు కాగితం అంటే ఏమిటో చూడాలి.

నిన్నటి పేపరు తెప్పించి ఇద్దరికీ చెరో పేజీ ఇచ్చాను. పైనుంచి కిందికి చింపమంటే గీత గీసినట్టు తిన్నగా చిరిగింది. అడ్డంగా చింపమంటే వంకరటింకరగా పోయింది. ఇద్దరూ మళ్లీ మళ్లీ చింపి చూశారు, ప్రతిసారీ అంతే. మిల్లులో నీళ్లలాంటి గుజ్జు కదిలే జల్లెడ మీద పడి పరుగు తీస్తుంది. ఏటి ప్రవాహంలో గడ్డిపోచలు ఏటివాలుగా తిరిగినట్టు, గుజ్జులోని పోగులు ఎక్కువ భాగం ఆ పరుగు వాలుకే సర్దుకుంటాయి. వాలున చింపితే పోగుల మధ్యనుంచి చీలిపోతుంది. అడ్డంగా చింపితే పోగులు అడ్డుపడతాయి.

చిరిగిన అంచుని ఎండకు ఎత్తి, భూతద్దం పెట్టి చూడమన్నాను. సన్నటి నూగు కనిపించింది. ఆ నూగే కాగితం. చెక్కలోని సెల్యులోజ్ పోగులవి. చలిదేశాల్లో పెరిగే పైన్ లాంటి చెట్లవైతే సుమారు 3 మిల్లీమీటర్ల పొడవుంటాయి. మన రైతులు మిల్లులకు తోలే సుబాబుల్, జామాయిల్, సరుగుడు కర్రల పోగులు మిల్లీమీటరుకు అటూ ఇటూ. ఆ తరవాత కత్తెరతో కత్తిరించిన అంచు చూపించాను. నూగు లేదు, నున్నగా ఉంది. కత్తెర పోగుల్ని ఊడదీయలేదు, తెగనరికింది.

పాత కాగితం మిల్లుకు చేరాక జరిగేదేమిటంటే, ముందు పెద్ద తొట్టెలో నీళ్లు పోసి మిక్సీలో తిప్పినట్టు తిప్పుతారు. పోగులు విడిపోతాయి. సబ్బులాంటి మందు కలిపి అడుగునుంచి గాలి బుడగలు వదిలితే, సిరా ఆ బుడగలను పట్టుకుని నురగగా పైకి తేలుతుంది. నురగ తీసేసి, మిగిలిన గుజ్జుతో కొత్త కాగితం చేస్తారు. ఇలా తిరిగిన ప్రతిసారీ పోగు కొంత విరుగుతుంది, పొట్టిదవుతుంది. అయిదారు సార్లు తిరిగేసరికి పట్టు లేని పిండిలా అయిపోయి కడుగునీళ్లతో కొట్టుకుపోతుంది. మనింటి మిషన్ మిల్లుకంటే ముందే ఆ నరికే పని కొంత చేసేసింది. పైగా తెల్ల కాగితం, రంగు కాగితం, అట్ట, న్యూస్‌పేపరు అన్నీ కలిసిపోతే వేరుచేయడం ఎవరి తరం? చిన్న ముక్కలు జల్లెడల్లోంచి జారిపోతాయి, గాలికెగురుతాయి. అతను వద్దనడంలో న్యాయం ఉంది.

గోతాన్ని కొక్కెం త్రాసుకు తగిలించాం. 4 కిలోలు తూగింది. "ఇందులో ఎన్ని కాగితాలున్నాయో లెక్క కట్టగలరా?" అన్నాను. ఎవరూ పలకలేదు. జిరాక్సు కాగితం కట్ట మీద 75 జీఎస్ఎం అని ఉంటుంది. అంటే చదరపు మీటరు కాగితం బరువు 75 గ్రాములు. ఎ4 కాగితాలు 16 పక్కపక్కన పరిస్తే ఒక చదరపు మీటరు. 75ని 16 పెట్టి భాగిస్తే ఒక కాగితం దాదాపు 4.7 గ్రాములు. 4 కిలోలంటే 850 దాకా కాగితాలన్నమాట. మా అబ్బాయిని పిలిచి అడిగాను, "వీటన్నిటిలో దాచాల్సింది ఎంతరా?" అని. ఆధార్ నంబరు, ఖాతా నంబరు, సంతకం, అడ్రసు. ఒక్కో కాగితంలో రెండు మూడు వరసలు. ఆ వరసలున్న ముక్కని కత్తిరించి దాన్ని మాత్రం మిషన్‌కు పెట్టి, మిగతా కాగితాన్ని చీల్చకుండానే పాతపేపర్ల అతనికి వేయొచ్చు. అప్పుడు ఏడాదికి గోతాం బదులు చిన్న సంచీ చాలేది. వాడు ఒప్పుకున్నాడు. ఆ రోజునుంచి మిషన్ పక్కన కత్తెర పెట్టుకున్నాడు.

దాచాల్సిన ముక్కని మాత్రం బాగా చిన్నది చేయాలి. 1979లో టెహ్రాన్‌లో అమెరికా రాయబార కార్యాలయాన్ని ఆక్రమించినప్పుడు, లోపలివాళ్లు హడావిడిగా కాగితాలను మిషన్లో వేసి పొడుగాటి పీలికలు చేశారు. ఇరాన్ వాళ్లు ఆ పీలికలను ఓపిగ్గా పక్కపక్కన పేర్చి చదివేశారు. తివాచీలు నేసేవాళ్లను కూడా ఆ పనికి కూర్చోబెట్టారని చెబుతారు. అందుకే ఇప్పుడు నిలువుగానూ అడ్డంగానూ కోసే మిషన్లు వాడుతున్నారు. వాటిలోంచి వచ్చేది పీలిక కాదు, కొబ్బరి తురుములాంటిది. అసలీ మిషన్‌కి 1909లోనే అమెరికాలో పేటెంటు ఇచ్చారు గానీ అది తయారీదాకా రాలేదు. 1930లలో జర్మనీలో అడాల్ఫ్ ఎహింగర్ చేసిన మిషన్‌కు మూలం వంటింట్లో పిండిని పొడుగాటి పోగులుగా కోసే చేతిమిషన్ అంటారు. మన పాత ఇళ్లల్లో బల్లకి బిగించి సేమ్యాలు తిప్పేవాళ్లు చూడండి, దానికి చుట్టమే.

ఇక మన గోతాం సంగతి. మిల్లుకు పనికిరానిది ఇంటికి పనికొస్తుంది. కారణం కూడా అదే, ముక్కలు చిన్నవి కావడం.

మొదట మీ అమ్మమ్మ కుండ దగ్గరికి పదండన్నాను. కూరగాయల తొక్కలు, టీ పిప్పి వేసి ఎరువు చేస్తుందావిడ. కొద్ది రోజులుగా ఆ కుండ దగ్గర కంపు, ఈగలు. మూత తీసి చూస్తే లోపల జావజావగా ఉంది. తొక్కల్లో ఎక్కువ భాగం నీళ్లే. ఆ నీళ్లు ఊరి సందులన్నీ మూసేస్తే గాలి ఆడదు. గాలి అక్కర్లేని సూక్ష్మజీవులు అక్కడ పెరిగి కంపుగొట్టే వాయువులు వదులుతాయి. గాలి పీల్చే సూక్ష్మజీవులకు పని అప్పగిస్తే కంపుండదు, పనీ తొందరగా అవుతుంది. వాటికి గాలి అందించడానికి పీలికలను మించినవి లేవు. అవి నీళ్లు పీల్చుకుంటాయి, పొరల మధ్య సందులు నిలబెడతాయి.

తిండి లెక్క కూడా ఉంది. ఆ జీవులకు కార్బన్ అన్నంలాంటిది, నత్రజని పప్పులాంటిది. 25 నుంచి 30 పాళ్ల కార్బన్‌కు ఒక పాలు నత్రజని ఉంటే వాటికి కడుపునిండా భోజనం. వంటింటి తొక్కల్లో కార్బన్ అంతకు తక్కువ. కాగితంలో ఒక పాలు నత్రజనికి వందల పాళ్ల కార్బన్, అంటే వట్టి అన్నమే. రెండూ కలిపి పెట్టాలి. గుప్పెడు తొక్కలకు రెండు గుప్పెళ్ల పీలికలు వదులుగా వేయండి. చేత్తో పిండితే ఒకటి రెండు చుక్కలు రాలేంత తడి ఉండాలి. వారానికోసారి కర్రతో తిరగెయ్యాలి. రెండు మూడు నెలల్లో కాగితం ఆనవాలు మిగలదు. పీలికలు మరీ ఎక్కువైతే కుండ చల్లబడి అలాగే ఉండిపోతుంది. అప్పుడు కాస్త పేడనీళ్లో, పచ్చగడ్డో వేస్తే మళ్లీ కదులుతుంది. వానపాములు పెంచేవాళ్లకైతే తడిపిన పీలికలే మంచి పరుపు.

ఒక్క జాగ్రత్త. మన నేలల్లో చెదలుంటాయి. వాటికి సెల్యులోజే తిండి. కాగితాన్ని గోడ వారగా నేలమీద కుప్పపోస్తే చెదల్ని ఇంట్లోకి పిలిచినట్టే. కుండని ఇటుకల మీద ఎత్తి పెట్టండి.

ఆ కుండలోకి ఏ కాగితం పడితే అది వేయకూడదు. మా మనవడి జేబులో బస్సు టికెట్టు ఉంది. గోరుతో గట్టిగా గీకమన్నాను. నల్లటి గీత పడింది! సిరా లేదు, పెన్ను లేదు. దుకాణం బిల్లులు, ఏటీఎం చీటీలు చాలావరకు ఇలాంటివే. కాగితం మీద రంగుకాని రంగు మందొకటి, దాన్ని నలుపు చేసే మందొకటి పూసి ఉంటాయి. వేడి తగిలినా, గోరు రాపిడి తగిలినా రెండూ కలిసి నల్లబడతాయి. ఆ రెండో మందుగా బిస్ఫినాల్ జాతి రసాయనాలు వాడుతూ వచ్చారు. అవి శరీరంలోని హార్మోన్ల పనికి అడ్డం వస్తాయి. కాబట్టి గోటి గీతకు నల్లబడ్డ కాగితం ఎరువులోకీ వద్దు, మిల్లుకీ వద్దు, చంటిపిల్లల చేతికీ వద్దు. ప్లాస్టిక్ పొర అంటించిన శుభలేఖలూ అంతే. జిరాక్సు కాగితాల విషయంలో నా మాట ఇది: దాని నలుపు ప్లాస్టిక్ పొడి అని చెప్పుకున్నాం కదా, మనం తినే ఆకుకూరల మడిలోకి దాన్ని వేయను. న్యూస్‌పేపరు, చేత్తో రాసిన నోటుపుస్తకం వేస్తాను. జిరాక్సు పీలికలకు వేరే పని ఉంది.

మీ అమ్మకు హైదరాబాదు పంపే ఆవకాయ జాడీల చుట్టూ కూరడం ఆ పని. పీలిక మడతలు పడి స్ప్రింగులా పని చేస్తుంది, మధ్యలో గాలిని పట్టి ఉంచుతుంది. బస్సు కుదుపు జాడీకి చేరేలోగా సగం చచ్చిపోతుంది. అవతల విప్పాక అదే పీలికలతో గోంగూర సీసాను తిరుగు పంపమనండి.

పిల్లలకి బాగా నచ్చిందేమిటంటే గంజి పరీక్ష. నూలు చీరకు గంజి పెట్టినట్టే తెల్ల కాగితానికి కూడా గంజి పెడతారు, గట్టిదనానికీ, సిరా పాకకుండా ఉండటానికీ. గాయాలకు రాసే టించర్ అయోడిన్ ఒక చుక్క వేస్తే జిరాక్సు కాగితం నీలి నలుపుగా మారింది. అయోడిన్‌కు గంజి తగిలితే వచ్చే రంగది. కరెన్సీ నోటు అలా మారదు, దానికి గంజి పెట్టరు. దాని పోగు కూడా చెక్కది కాదు, పత్తిది. 2016 నవంబరు 8న 500, 1000 రూపాయల నోట్లు రద్దయ్యాక ముక్కలు చేసిన నోట్లలో కొన్ని కేరళలోని కన్నూరులో ఒక ప్లైవుడ్ కర్మాగారానికి చేరాయి. అక్కడ వాటిని చెక్క గుజ్జులో కలిపి అట్టచెక్కలు చేశారు. మనకు పీలికలు ఒక గోతామైతే రిజర్వు బ్యాంకుకు ఏటా వేల టన్నులు.

ఇంకో పరీక్ష. ఒకే పేపరు నుంచి రెండు ముక్కలు తీసుకుని ఒకదాన్ని నీళ్లలో, ఒకదాన్ని నూనెలో ముంచాం. నీళ్లది పట్టుకోగానే ముద్దైపోయింది. నూనెది అద్దంలా మెరిసింది గానీ గుంజినా చిరగలేదు. ఎందుకని? కాగితంలో పోగుల్ని పట్టి ఉంచేది జిగురు కాదు. ఒప్పులకుప్ప ఆడే ఆడపిల్లల్లా పోగులు ఒకదాని చెయ్యి ఒకటి పట్టుకుంటాయి. హైడ్రోజన్ బంధాలంటారు వాటిని. నీటికి కూడా అలాంటి చేతులే ఉన్నాయి. మధ్యలో దూరి పోగు చేతిని తను పట్టుకుంటుంది, పోగులు విడిపోతాయి. నూనెకి అలాంటి చేతులు లేవు. నీళ్లు ఆరిపోయాయా, పోగులు మళ్లీ చేతులు కలుపుకుంటాయి. పాత కాగితం కొత్త కాగితం కావడమంటే ఇంతే. ఈ నూనె మాట వచ్చింది కనుక చెబుతున్నాను, మిరపకాయ బజ్జీలు న్యూస్‌పేపర్లో కట్టించుకోకండి. వేడి నూనె సిరాను కరిగించి బజ్జీకి పూస్తుంది. తిండి పదార్థాలను న్యూస్‌పేపర్లో చుట్టకూడదని 2018 నాటి మన ప్యాకేజింగ్ నిబంధనల్లోనే ఉంది.

విడిపోయి మళ్లీ కలిసే ఈ గుణం మా అమ్మకు పేరు తెలియకుండానే తెలుసు. వేసవి ఎండలు ముదిరాక అటకమీది పాత నోటుపుస్తకాలు దించి, గంగాళంలో మూడు నాలుగు రోజులు నానబెట్టేది. రోట్లో వేసి మెత్తగా రుబ్బేది. విడిగా మెంతులు నానబోసి, రుబ్బి, ఆ ముద్దలో కలిపేది. ఆ గుజ్జుని కొత్త చేటలకి, వెదురు బుట్టలకి లోపలా బయటా చేత్తో మెత్తి, తడిచేత్తో నునుపు చేసి ఎండబెట్టేది. వెదురు సందులన్నీ మూసుకుపోయేవి. అలాంటి చేట చాలా ఏళ్లు నిలిచేది. "మెంతుల చేదుకి పురుగు పట్టదురా" అనేది.

చేదు మాట ఎలా ఉన్నా, మెంతుల్లో అసలు సంగతి జిగురు. నానితే వేళ్లకి జారుతూ అంటుకుంటుందే, అది గాలక్టోమానన్ అనే పొడుగాటి గొలుసు చక్కెర. దానికి కూడా చేతులున్నాయి. సెల్యులోజ్ పోగు వెంట పడుకుని, రెండు పోగుల మధ్య వంతెన కడుతుంది. గోరుచిక్కుడు గింజల్లోనూ దాదాపు ఇలాంటి జిగురే ఉంది. కాగితం గట్టిగా రావడానికి మిల్లుల్లో ఆ గోరుచిక్కుడు జిగురు కలుపుతారు. పెద్ద మిల్లు చేసే పనే మా అమ్మ మెంతులతో రోట్లో చేసింది. మన కొండపల్లి బొమ్మలవాళ్లు రంపపు పొట్టులో చింతగింజల పిండి జిగురు కలిపి చేసే మక్కు కూడా ఈ దారిదే. చింతగింజ జిగురుకు సెల్యులోజ్‌ని పట్టుకునే గుణం గట్టిగా ఉంది.

అమ్మమ్మ దగ్గర సందులు పడ్డ పూలబుట్ట ఒకటుంది. గొబ్బెమ్మలకు పూలు కోసుకోవడానికి మనవరాలికి బుట్ట కావాలి. గోతాంలోంచి రెండు దోసిళ్ల పీలికలు తీసి రాత్రి నీళ్లలో వేశాం. అమ్మ పుస్తకాలకు మూడు రోజులు పట్టేది. పీలికలకు ఒక్క రాత్రి చాలింది. నీళ్లు దూరడానికి అన్ని అంచులున్నాయి మరి. పొద్దున రోట్లో రుబ్బాం. గుప్పెడు మెంతులు కలిపాం. పిల్లలిద్దరూ మోచేతుల దాకా పూసుకుని బుట్టకు మెత్తారు. పలచగా మెత్తమన్నాను, ఈ చలికాలపు ఎండకి మందపాటి పూత లోపల ఆరక బూజు పడుతుంది. పూలకు, ఉల్లిపాయలకు, బట్టల క్లిప్పులకు ఈ బుట్ట బాగుంటుంది. బియ్యం చెరిగే చేటకైతే అచ్చు లేని తెల్ల కాగితమే వాడాలి.

భోగి మంట కొబ్బరి మట్టలతో చక్కగా మండింది. సంక్రాంతి నాటికి బుట్ట ఆరి, వేలితో తడితే టకటకమంది. మనవరాలు దాని నిండా బంతిపూలు, గుమ్మడిపూలు కోసి తెచ్చింది. ఒక్క రేకు కూడా సందులోంచి జారలేదు.

మీ ఇంట్లో సందులు పడ్డ బుట్ట ఉంటే పారేయకండి. ఈ రాత్రికి గుప్పెడు మెంతులు నానబోయండి.